బందరు బొమ్మల కట్ట

నేను ఒక పాత బొమ్మ కాగితాన్ని. నా ఒంటి నిండా సూదితో పొడిచిన బెజ్జాలే. గుడ్డ మీద నన్ను పరిచి బొగ్గుపొడి మూటతో అద్దితే నాలోని నెమళ్లు దాని మీదికి దిగేవి. ఆ గీతల వెంట అద్దకంవాళ్లు కలం నడిపేవారు. గోల్కొండ నవాబుల నాడు బందరులో ఒకే చేయి గీసిన కాగితాలం మేము, ఒకే కట్టలో ఉండేవాళ్లం.

దసరాకి పనిముట్లతో పాటు మాకూ పూజ చేసేవారు. ఓ ఏడు నా మీద పెట్టిన ప్రమిద ఒరిగింది. నూనె నాలోంచి కింది కాగితాలన్నిటికీ దిగింది. నా మూలన అరచేతంత మరక, కిందికి పోయేకొద్దీ చిన్నది. ఆ తర్వాత కరువొచ్చి కట్టను ఓ దొరకి అమ్మేశారు. పూజ కాగితమని నన్నొక్కదాన్నే దేవుడి గూట్లో ఉంచుకున్నారు. భక్తి అంటే అంతే మరి, తోబుట్టువుల్ని విడదీసి దండం పెడతారు.

ఇన్నాళ్లకు సుభాషిణి అనే పరిశోధకురాలు పరాయి దేశంలో వాటిని చూసింది. పారశీక బొమ్మలని రాసి, విడివిడిగా వేలానికి పెట్టారట. గీత చూస్తే బందరుదే అనిపించింది. అన్నిటి మీదా ఒకే ఆకారం మరక కనిపించి, పై కాగితం ఎక్కడో ఉండాలనుకుంది. బందరంతా వాకబు చేసి, మా ఇంటి వీరాచారికి ఫోన్ చేసింది. మరక మరకకి సరిపోతే అవన్నీ ఈ ఇంటి కట్టేనని రుజువవుతుంది, తప్పుపేరుతో పెట్టిన వేలం ఆగుతుంది. కాగితం ఒకలాంటిదైతే చాలదట. ఇదేమీ ఆయనకి చెప్పలేదు. "రేపు వస్తాను, జాగ్రత్తగా ఉంచండి" అని మాత్రం అంది. నా సంతోషం ఎవరికి చెప్పుకోను!

ఆవిడ వచ్చేసరికి నేను గోడ మీద, అద్దం వెనక ఉన్నాను.

"ఆ మూల ఏమైందండీ?" అంది.

"జిడ్డోడుతుందమ్మా. మీలాంటోళ్లొస్తుంటే మకిలి కాయితం చూపిత్తామా? కత్తిరించి ఫ్రేము కట్టించేశా."

"ఆ ముక్క?"

"పూజలోది కదమ్మా, తొక్కకూడదని కాలవలో కలిపేశా."

ఆవిడ కత్తిరించిన అంచు వెంట అద్దం మీద వేలు నడిపింది. కాఫీ చల్లారిపోయింది. ఆయన ముఖంలో ఆత్రం చూసి, "ఫ్రేము చాలా బాగుందండీ" అంది. ఆయన మురిసిపోయాడు.

వచ్చే నెల వేలం. అవి నావాళ్లని చెప్పడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.