నిలబడ్డ ఇంజను తాగే నూనె

అఖండ దీపానికి దండం పెట్టేవాళ్లు వెలుగుకు పెడుతున్నారా, కింద కాలిపోతున్న నూనెకు పెడుతున్నారా అనే అనుమానం మహాదేవికి చిన్నప్పటి నుంచీ ఉంది. మహానందిలో ఒకసారి పూజారిని అడగబోతే తల్లి చేయి పట్టి లాగేసింది. పెళ్లయ్యాక అడగడానికి ఎవరూ దొరకలేదు. దేవుడి గూట్లో ప్రమిద తుడిచి నూనె పోసే ప్రతి ఉదయం ఆ అనుమానం వచ్చేది. తప్పయితే మన్నించు స్వామీ అని లెంపలు వేసుకుని పొయ్యి దగ్గరికి వెళ్లేది.

ఈ మధ్య ఆ దీపం కూడా ఆమె చేతికి అందడం లేదు. నెలలో సగం రోజులు రక్తం పోతూనే ఉంది. ఆ రోజుల్లో దీపం ముట్టకూడదు. పొయ్యి మాత్రం ముట్టవచ్చు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ రోజుల్లో పొయ్యి కూడా ముట్టనిచ్చేవాళ్లు కాదు. అత్త ఉరుకుందమ్మకు మోకాళ్లు పట్టేసిన ఏడాది నుంచి పొయ్యికి ఆ మైల పోయింది. దేవుడే ఒప్పుకున్నాడో, ఆకలే ఒప్పించిందో మహాదేవికి తెలియదు.

డాక్టరమ్మ పరీక్ష కాగితం చూసి నొసలు ముడిచింది. "ఇంత తక్కువ రక్తంతో ఎట్లా తిరుగుతాండావమ్మా? వెంటనే చేరు. రక్తం ఎక్కించి, తర్వాత గర్భసంచి సంగతి చూడాల. ఆలస్యం చేస్తే ఒకరోజు నిలబడినచోటే పడిపోతావు." ఆ మాట ఇంట్లో చెబితే అత్త చేట పక్కన పెట్టి నవ్వింది. "మాకు లేకుండెనా ఇవన్నీ? నలుగుర్ని కని సేన్లో కలుపు తీసినా. ఇంట్లో ఊరికే ఉండేదానికి నీకు ఆయాసమేందమ్మా?" రక్తం తగ్గినప్పటి నుంచి పట్టుకున్న ఆశతో మహాదేవి డబ్బాలోంచి గుప్పెడు పచ్చి బియ్యం తీసి నములుతుంటే, దానికీ ఒక మాట. "బియ్యం తింటే పెండ్లిలో వాన పడతాదంటారు. నీ పెండ్లి ఎప్పుడో అయిపాయ. ఇంగ యాడ పడాల ఆ వాన?"

భర్త వీరభద్ర నవ్వలేదు. కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా, "రిలీజు దగ్గరికొచ్చింది మహాదేవీ. అది అయిపోనీ, పెద్ద ఆస్పత్రికే పోదాం. అంతదాకా బీట్‌రూటు తిను" అన్నాడు.

ఇంట్లోంచే విదేశీ కంపెనీకి పనిచేస్తాడతను. కంప్యూటర్లో విమానం నడిపే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తారు వాళ్లు. దాన్ని ఆట అంటే అతనికి కోపం. అందులోని జెట్టు నిజమైన జెట్టులాగే లేవాలి. కర్నూలులాంటి ఎండలో దాని బలం తగ్గాలి, బరువెక్కితే ఎక్కువ తాగాలి, పైపైకి పోయేకొద్దీ తక్కువ తాగాలి. నిజమైనది గంటకెంత ఇంధనం తాగుతుందో ఇదీ అంతే తాగేట్టు చేయడం వీరభద్ర పని. చేతిలో కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడిన మహాదేవికి ఆ లెక్కలన్నీ ముక్కలు ముక్కలుగా చెవిన పడేవి. ఒకరోజు ఫోన్లో ఎవరినో గట్టిగా కోప్పడుతున్నాడు. "కదలకుండా నిలబడినా ఇంజను తాగుతానే ఉంటాదప్పా! ఊరికే ఉండాది గదా అని దానికి సున్నా పెడితే ఎట్ల? కాలేది కాలతానే ఉంటాది."

ఫోను పెట్టేశాక మహాదేవి మెల్లగా అడిగింది. "ఊరికే నిలబడినా తాగుతాదా అండీ?"

"తాగుతాది. ఇంధనం తరగకుండా చేసే మీట కూడా ఒకటుండాది. పిల్లకాయలు అది పెట్టుకొని ఎగరేస్తారు. అది విమానమా? గాలిపటం." అంతలోనే కాఫీ గుటక వేసి ముఖం చిట్లించాడు. "చల్లారిపోయిందే ఇది!"

కాఫీ వేడి చేస్తూ ఆమె ఆ మీట గురించే ఆలోచించింది. తాళి కట్టిన పూట తన మీద కూడా ఎవరో దాన్ని నొక్కి ఉంటారు. ఎవరని కనుక్కోవడం కష్టం. అందరి చేతులూ అక్షింతలతో తన తల మీదే ఉన్నాయి ఆ పొద్దు.

పొయ్యి కట్టేసి వెనక్కి తిరిగితే, వంటింటి బయటి గూట్లో ఖైరూన్‌బీ స్టీలు క్యారియరు కనిపించింది. పక్కింటి ఖైరూనక్క. మహాదేవి టైఫాయిడ్‌తో పడుకున్నప్పుడు మెత్తటి అన్నం, మిరియాల చారు పెట్టి తెచ్చింది. అత్త దాన్ని వంటింట్లోకి రానియ్యలేదు. తిన్నాక కడిగి ఆ గూట్లో పెట్టిన క్యారియరు ఏళ్లుగా అక్కడే ఉంది. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని పుట్టింట్లో నేర్పారు. ఓళిగలు చేసిన ప్రతి పండక్కీ అందులో పెట్టాలనుకుంటుంది. ఈ ఇంట్లో అందరూ తిన్నాక గిన్నె అడుగు మిగులుతుంది, అది ఆమె తింటుంది. ఖైరూనక్క ఒక్కసారి కూడా అడగలేదు. అడగకపోవడమే మహాదేవికి బరువు.

ఒక మధ్యాహ్నం వీరభద్ర హైదరాబాదు నుంచి దుబాయికి పరీక్ష మొదలుపెట్టాడు. నిజంగా పోయినంతసేపూ పడుతుంది అది. కావాలనే ఇంధనం తక్కువ పోశాడు. "నేను అన్నం తిని రవ్వంత నడుం వాలుస్తా. ఇంధనం అడుగంటిందని ఈడ పసుపు దీపం వెలిగితే కేక వెయ్యి. నా కుర్చీలో కూర్చోవద్దు, నాకు సరిపెట్టుకున్న ఎత్తు మారిపోతాది."

ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంది. ఇంట్లో ఉన్న ఒక్క ఏసీ ఆ గదిలోనే ఉంది. బయట నిప్పులు కురుస్తుంటే ఆమెకు లోపల వణుకు పుట్టింది, కొంగు కప్పుకుంది. తెర మీద కింద సముద్రం, పైన మబ్బు లేని ఆకాశం, విమానంలో మనుషులనేవాళ్లు లేరు. ఇంధనం అంకె తరుగుతోంది. ఎవరూ లేని విమానానికి కూడా ఇంత కాపలా! తొడల కింద తడి తగిలింది. లేచి చూసుకోవాలనుకుంది. అప్పుడే పసుపు దీపం వెలిగింది. గంట మోగింది. "ఏమండీ" అని పిలవబోయింది. నేల పైకి వచ్చింది.

కళ్లు పూర్తిగా మూతపడలేదు. భర్త పాదాలు పరుగున వచ్చాయి. ఆమె దగ్గర ఆగాయి. దాటాయి.

"ఎంతసేపైంది ఇది మోగబట్టి?"

ముందు విమానాన్ని నిలిపాడు. గంట ఆగింది. ఆ తర్వాతే వంగి, "మహాదేవీ, ఏమాయ?" అని భుజం పట్టి లేపాడు. అత్త నీళ్లు తెచ్చింది. నీళ్లు తాగించే చేయి అతనిదే. కానీ చూపు మాటిమాటికీ తెర మీదికే పోతోంది. ఉండబట్టలేక చెప్పేశాడు. "సరిగ్గా రావాల్సిన చోటే వచ్చింది మహాదేవీ దీపం! నిజం విమానంలో ఉన్నట్టే!"

ఆమె గ్లాసు అంచు మీంచి అతని ముఖం చూసింది. చెడ్డ ముఖం కాదు. అందుకే భయమేసింది.

మరుసటి ఉదయం, ఇంకా ఎవరూ వంటింట్లోకి రాకముందే బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసింది, బజ్జీలు వేసింది. క్యారియరు తోమి, ముందు దాన్నే నింపింది. స్నానం చేసి, దేవుడి గూటికి దూరంగా నిలబడి దండం పెట్టింది. ప్రమిద ఆరి ఉంది. నూనె ఉంది. ఈసారి ఆమెకు అనుమానం రాలేదు, దండం నూనెకే పెట్టింది. లెంపలు వేసుకోలేదు.

సంచి, పరీక్ష కాగితాలు తీసుకుని బయటికి వస్తుంటే వీరభద్ర ఎదురొచ్చాడు. "యాడికి?"

"ఆస్పత్రికి. చేర్చుకుంటారు."

"ఆదివారం రిలీజు ఉండాది. సోమవారం నేనే తీసుకపోతా గదా. నిన్న నిలిపిన పరీక్ష ఈ పొద్దు మళ్లీ పెట్టుకున్యా, ఎవరు చూస్తారు?"

"దాన్ని నిలిపేదానికి మీట ఉండాదండీ" అంది మహాదేవి. "నాకు లేదు."

"సంగటి ఎవరు కెలకాల?" అంటోంది లోపలి నుంచి అత్త.

ఖైరూన్‌బీ తలుపు తీసింది. క్యారియరు చూసి నవ్వబోయి, మహాదేవి పెదవుల రంగు చూసి ఆపేసింది. "యా అల్లా! ఏమ్మే, ఇట్ల పాలిపోయినావు? ఉండు, బుర్ఖా ఏసుకుంటా. ఒక్కదానివే పోతావా?"

"ముందు ఇది అందుకో అక్కా."

ఖైరూన్‌బీ అందుకుంది. బరువుకు చేయి కొంచెం కిందికి దిగింది. "ఇన్నేండ్లకా! ఖాళీదే ఇచ్చింటే ఏమయ్యేదే పిచ్చిదానా?"

వెనక, తమ ఇంటి కిటికీలోంచి విమానం గంట మోగడం మొదలైంది. మహాదేవి తిరిగి చూడలేదు. గోడకు ఆనుకుని, క్యారియరు మూత తీసి చూపించింది. ఉగ్గాని ఇంకా పొగలు కక్కుతోంది, అంచుదాకా.