కొర్ర పొట్టు దిండు

మహాదేవప్ప ఇరవై ఎనిమిదేళ్లు లారీ సీట్లు కుట్టాడు. జహీరాబాద్‌లో హైవే పక్కన అతనికో రేకుల షెడ్డు ఉండేది. పాత సీటు చీలిస్తే లోపలి ఫోం పసుప్పచ్చటి పొడిగా రాలేది. దాన్ని చేత్తో దులిపేసి, కొత్త ఫోంకి గమ్ము పూసి, పైన రెక్సిన్ బిగించేవాడు. ముక్కుకు గుడ్డ కట్టుకోమని ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాడు కాదు.

యాభై నాలుగో ఏట ఊపిరితిత్తులు గట్టిపడ్డాయన్నారు దవాఖానలో. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. వీపుకు దిండ్లు పెట్టుకుని, సగం కూర్చునే నిద్రపోవాలి. ఇంట్లో దుమ్ము, ఘాటు వాసనలు ఉండకూడదు.

ఇంటికి రాగానే అతని భార్య గిరిజమ్మ ఫోం దిండ్లన్నీ బయట పడేసింది. షెడ్డులో మిగిలిన ముక్కలతో అతను కుట్టినవే అవన్నీ.

"మరి దేనికి ఆనుకోవాలె?" అన్నాడు.

"దూది మెత్త తెస్త. ఫికర్ చెయ్యకు."

మర్నాడు బజారు నుంచి దూది దిండు తెచ్చింది. మహాదేవప్ప దిండు కుట్టు రెండంగుళాలు విప్పి, లోపలిది చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపాడు.

"ఇది దూది కాదే. పాత బట్టలు చింపి, మందేసి తెల్లగ చేసిన్రు. వాసన చూడు."

చూసింది. ముక్కు మండింది.

గిరిజమ్మ తమ్ముడు నాగరాజ్‌ది దగ్గర్లోని న్యాల్‌కల్. అక్క ఫోన్ చెయ్యగానే గోనెసంచి నిండా బూరుగు దూది తెచ్చాడు. "చెట్టు కాయలల్లకెల్లి తీసిందే అక్కా. మందు గిందు ఏం లేదు," అంటూ గది మధ్యలోనే మూతి విప్పాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. దూది పింజలు గదంతా లేచాయి. మహాదేవప్పకు దగ్గు మొదలై ఆగలేదు. పెదాలు నీలంగా మారాయి. నాగరాజ్ సంచిని బయటికి లాక్కుపోయాడు. గిరిజమ్మ భర్త వీపు రాస్తూ, ఇంకేం చెయ్యాలో తెలియక, మళ్లీ మళ్లీ వీపే రాసింది.

"నాకు తెల్వలే బావా," అన్నాడు నాగరాజ్ గుమ్మంలో నిలబడి.

దగ్గు తగ్గాక చెయ్యి ఊపాడు మహాదేవప్ప, నీ తప్పు కాదన్నట్టు. కాసేపటికి తనే అన్నాడు: "కొర్రల పొట్టు దొరుకుతదా? కడిగి ఎండబెడితే దుమ్ముండదు. గాలికి లేవదు."

నాగరాజ్ రెండు రోజుల్లో పట్టుకొచ్చాడు. మహాదేవప్ప కిటికీ లోపల కూర్చుని చెబుతుంటే, పెరట్లో గిరిజమ్మ చేసింది. నీళ్లు తేటపడేదాకా నాలుగుసార్లు కడిగింది. మూడు రోజులు ఎండబెట్టింది. వీధి చివరకు పోయి చెరిగింది, నలుసు కూడా ఇంటివైపు రాకుండా. ఉతికిన నూలు చీర చింపి సంచి కుట్టింది.

"గొంతుదాకా నింపకు. ముప్పావు చాలు," అన్నాడు. "మూతి నేను కుడత."

సూది ఇచ్చింది. నాలుగు పోట్లు వేసేసరికి అతని రొమ్ము ఎగసిపడింది. సూది ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. మిగతాది ఆమె కుట్టింది. కుట్టు వంకరపోయింది. వెనకటి రోజుల్లో అయితే విప్పించి మళ్లీ కుట్టించేవాడు. ఇప్పుడు చూసి కూడా ఏమీ అనలేదు. తిట్టినా బాగుండనిపించింది గిరిజమ్మకు.

దిండు మంచిగా కుదిరింది. వాసన లేదు. వీపుకు తగ్గట్టు ఒదిగింది. మధ్యాహ్నం అతను దానికి ఆనుకుని గంటసేపు కునుకు తీశాడు. ఆమె పక్కనే కూర్చుని, ఊపిరి వినబడుతోంటే లెక్కపెడుతూ ఉంది. ఇక తగ్గుతుందనుకుంది.

నాలుగింటికి దగ్గు వచ్చింది. ఎప్పటి దగ్గే, అంతే గట్టిగా.

"పొట్టు సరిగ్గ కడగలేదేమో. మళ్ల కడుగుత," అంటూ దిండు లాగబోయింది.

అతను దాన్ని వదల్లేదు. ఊపిరి అందాక మెల్లగా అన్నాడు: "ఈ మెత్త తప్పేం లేదు గిరిజా."

ఆమె దిండు వదిలేసి, దాని అంచులు సర్దింది. తర్వాత అడిగింది: "ఎత్తు ఎక్కువుందా?"

"జర ఎక్కువనే ఉంది."

కుట్టు విప్పి రెండు గుప్పిళ్లు తీసింది. అతను ఆనుకుని చూసి, "ఇప్పుడు తక్కువైంది," అన్నాడు. ఒక గుప్పెడు మళ్లీ పోసింది.

"ఇట్లనా?"

"ఇట్లనే ఉండనీ," అన్నాడు. ఆ మాటతోపాటే మళ్లీ దగ్గాడు.