ఎవువాకి ఎనిమిది నిమిషాలు

ఫువామోటు విమానాశ్రయంలో మూటలతో పాటు మనుషుల్నీ తూకం వేస్తారు. లూపే కాటా ఎక్కగానే మొగుడు సియోయెలి మెడ సాచి ముల్లు చూశాడు.

"నీ ఒక్కదానికే రెండు సీట్లు అడగాల్సింది."

"ముందు నువ్వెక్కవయ్యా. ఆ పొట్ట సంగతి పైలట్టుకీ తెలియాలిగా!"

వెనక నిలబడ్డవాళ్లు గొల్లున నవ్వారు.

టోంగా దేశపు పెద్ద దీవి నుంచి ఎవువా దీవి నలభై కిలోమీటర్లు కూడా ఉండదు. పడవలో అయితే మూడు గంటలు, విమానంలో ఎనిమిది నిమిషాలు. అక్కడ సియోయెలి చెల్లెలి కూతురి పెళ్లి. సముద్రం బాగోలేదని పడవ ఆపేశారు గాని, లేకపోతే పెళ్లికని కట్టిన దుంపల బుట్టలు వదిలేసి అతను విమానం ఎక్కేవాడే కాదు.

విమానం లేచింది. లూపే కిటికీకి నుదురానించింది. ముప్పై ఏళ్ల కిందట ఎవువా బడిలో పంతులమ్మగా చేరడానికి ఇదే దారిన వెళ్లింది. విమానం ఎక్కడం అదే మొదలు. పక్క సీటులో అడవిలో చెట్లు నరికే పనికి పోయే కుర్రవాడొకడు. ఆ రోజు దీవి కొండల్ని మబ్బు కప్పేసింది. పైలట్టు రెండు చుట్లు తిరిగి, లాభం లేదని వెనక్కి తెచ్చి దించేశాడు. మబ్బు విడిచేదాకా అందరూ బెంచీల మీద పడిగాపులు. ఆ కుర్రవాడు బుట్ట విప్పి, కాల్చిన చేమదుంపలు ఆమె ముందుకు జరిపాడు.

"తినండి టీచరుగారూ. మిమ్మల్ని చూసి సిగ్గేసి మా ఊరు ముసుగేసుకుంది."

"మీ ఊళ్లో అందరూ ఇలాగే మాట్లాడతారా?"

"లేదండీ. మిగతావాళ్లు ఇంకా ఎక్కువ."

పొద్దుగూకే వేళకు మళ్లీ ఎక్కించారు. చక్రాలు నేల తాకగానే అందరూ దేవుణ్ణి తలుచుకుంటే, అప్పుడే వచ్చేశామా అని ఆమె ప్రాణం ఉసూరుమంది.

"ఏమిటే, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు?" సియోయెలి ఆమె చెవి దగ్గర అరిచాడు. జవాబు చెప్పేలోపే విమానం దిగిపోయింది.

పెళ్లి ముగిసేసరికి సముద్రం సద్దుమణిగి పడవ మళ్లీ నడుస్తోంది. తిరుగు ప్రయాణానికి విమానాశ్రయానికి వచ్చేసరికి, పసిబిడ్డకు జ్వరమని ఒక జంట సీట్ల కోసం బతిమాలుతున్నారు. విమానం నిండిపోయింది. లూపే లేచివెళ్లి తమ సీట్లు వాళ్లకి ఇచ్చేసింది.

"నన్నొక్క మాటైనా అడిగావా?"

"కాదంటావా ఏమిటి?"

సియోయెలి తల గోక్కున్నాడు. "బిడ్డ కోసమైతే సరే. మరి నీ మొహంలో ఆ వెలుగేమిటి?"

"పడవలో నీ పక్కన మూడు గంటలు కూర్చోవచ్చని."

అతను చాప చుట్ట ఎత్తి భుజాన వేసుకుని రేవు దారి పట్టాడు.

పడవ కదిలాక ఇద్దరూ గాలికి ఎదురుగా చాప పరుచుకుని కూర్చున్నారు. వయసులో ఉన్నప్పుడు తాను నరికిన మహా వృక్షం కథ ఎత్తుకున్నాడు సియోయెలి. అది ఏ పక్కకి పడిందో, ఎవరు పరుగెత్తారో అన్నీ ఆమెకు తెలుసు.

"ఆ తరవాత?" అంది లూపే.