మాటు

మేస్త్రి లక్కలో మైనం కలిపి సన్నని సెగ మీద కరిగిస్తున్నాడు. ముప్పై ఏళ్లుగా చిల్లు గిన్నెలకు మాట్లు వేసీ వేసీ అతని బొటనవేళ్ల తోలు కొమ్ములా గట్టిపడింది. ఎదురుగా చిత్రకారుడి చెక్కపలక. దాని మీద నిలువునా కోసిన గరిటెలు, సాగగొట్టిన జల్లెడ, సగం కెటిల్. ఆయన రెండు నల్లచారలు గీస్తే చాలు, అది కళ అయిపోతుంది. కోసిందీ, వంచిందీ, ఏది ఎక్కడ నిలుస్తుందో తేల్చిందీ మేస్త్రి.

పోయినేడు ప్రదర్శనలో ఎవరో అడిగారు, "ఈ వంపు ఎలా వచ్చిందండీ?" అని.

"చూపుంటే వస్తుంది" అన్నాడు చిత్రకారుడు. తలుపు దగ్గరున్న మేస్త్రిని చూపించి, "వీడా? మా ఇంట్లో గిన్నెలకి మాట్లేస్తాడు" అన్నాడు. అందరూ నవ్వారు. మేస్త్రీ నవ్వాడు. తన ఆ నవ్వునే ఏడాదిగా మింగలేకపోతున్నాడు.

అన్నం తెచ్చిన భార్య ముక్కు ఎగబీల్చింది.

"మాటుకు కరిగించే తగరం వాసన లేదేంటి?"

"ఇవాళ వేసే మాటు వేరు."

ఆవిడకు అర్థమైంది. "పాపం కదయ్యా?"

"సాయంత్రం ప్రదర్శనలో దీపాల వేడికి గంట ఆగుతుంది. అందరూ వచ్చాక ఊడుతుంది. చూపుందిగా, దాంతో అతికించుకోమను."

మధ్యాహ్నం చిత్రకారుడు మనుషులతో వచ్చి పలక ఎత్తించాడు.

"గట్టిగా ఉందా?"

"మీ పేరంత గట్టిగా ఉందండీ."

సాయంత్రం వెళ్లి కళ్లారా చూడాలని మేస్త్రి గడ్డం గీసుకున్నాడు, ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. గుండెల్లో ఏదో పట్టేసినట్టుంటే "కాసేపు నడుం వాలుస్తా" అని కొట్లోనే చాప మీద పడుకున్నాడు. మళ్లీ లేవలేదు.

బాగా పొద్దుపోయాక కొట్టు తలుపు దబదబా మోగింది. చిత్రకారుడు. తువ్వాలులో గరిటెలు, జల్లెడ మూటగట్టుకుని ఉన్నాడు.

"మేస్త్రిగారూ! జనమంతా చూస్తుండగా రాలిపోయిందండీ. మీరు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు!"

భార్య తలుపు తీసి పక్కకు తప్పుకుంది. చాప మీది మనిషిని చూసి ఆయన కొయ్యబారిపోయాడు.

"ఇప్పుడన్నది ఇంకోసారి అనండి" అంది ఆవిడ. ఆమె కళ్లలో తడి లేదు. "ఆయనకు వినపడేలా, గట్టిగా."

చిత్రకారుడు అన్నాడు. సగంలో ఆపేస్తే, ఆవిడ మళ్లీ మొదటినుంచీ అనిపించింది.

బల్ల చివర, నిన్న తగరంతో మాటు వేసిన పక్కింటావిడ పాలగిన్నె ఉంది. కారుతుందేమో చూద్దామని మధ్యాహ్నం మేస్త్రి అంచుదాకా నీళ్లు నింపి కాగితం మీద పెట్టాడు. కాగితం పొడిగానే ఉంది.