కంట్లో బూజు

"చేట పట్టుకోవడం కూడా రాదటే నీకు? గాలికెదురుగా నిలబడి చెరుగుతారా ఎవరైనా? పొట్టంతా మొహాన కొట్టించుకుంటూ!"

అత్త కెబిరుంగి ఆ మాట అనేసరికే కొబుగాబే కుడికంట్లో రాగుల పొట్టు పడిపోయింది. గాలికెదురుగా నిలబడకూడదని ఆమెకు తెలుసు. కానీ గాలివాలున, వాకిట్లో, మామగారు పీట వేసుకుని కూర్చున్నాడు. కోడలు మామ మొహం చూడకూడదు, ఆయనకెదురు నిలబడకూడదు. అందుకని ఆయనకు వీపు పెట్టి గాలికి మొహం ఇచ్చింది. పీట జరపమని మగవాడికి చెప్పే ఆచారం ఆ కొండల్లో ఇంకా పుట్టలేదు. కన్ను నలుపుకుంది, మిగతా రాగులు చెరిగింది, సంకటి కెలికింది, ఆవుల దగ్గర పాలకుండలు కడిగింది. అప్పుడు మాత్రం కన్ను మండుతోందని అంది. "పొట్టు పడితే మండక చల్లగా ఉంటుందా?" అన్నాడు మొగుడు బరిగ్యే, సంకటి ముద్ద చిక్కుడుగింజల పులుసులో అద్దుకుంటూ.

తెల్లారేసరికి కన్ను ఎర్రగా వాచింది. అత్త పెరట్లోంచి ఆకు తెచ్చి, నోట్లో నమిలి, గుడ్డలో పిండి, పసరు కంట్లో పోసింది. కారం పోసినట్టయింది. అరిస్తే, "ఓర్చుకో, మందు పనిచేస్తోంది" అంది. ఆమె ఎడమకన్ను తెల్లగా పువ్వేసి ఉంటుంది. ఆ కన్నే కొబుగాబే మీదికి వంగింది. మంట తగ్గకపోతే బరిగ్యే సంతలో మందుల కొట్టునుంచి చుక్కల సీసా తెచ్చాడు. ఎరుపు తగ్గించే మందట. నిజంగానే తగ్గింది. "చూశావా, మంట మంటని ఒకటే గోల చేశావు" అన్నాడు. ఎరుపు తగ్గిన కంట్లో, నల్లగుడ్డు మీద, గసగసాల గింజంత తెల్లచుక్క లేచింది. దాన్ని ఎవరూ చూడలేదు. ఆమె ఒక్కతే చూసింది, పగిలిన అద్దంలో.

భయం అక్కడ మొదలైంది. పొయ్యి ముందు కూర్చుని ఎడమకన్ను మూసి చూసేది. మొదట మంట మంటలాగే కనబడింది. తర్వాత జావలాగా. తర్వాత పొయ్యి ఎక్కడుందో వేడిని బట్టి తెలుసుకోవాల్సి వచ్చింది. చుక్క పెరిగింది, దాని అంచులు ఈకలాగా చీలాయి. లోపలెవరో కూర్చుని గుచ్చుతున్నట్టు పోటు. ఎవరితో చెప్పాలి? చెప్తే, "పని తప్పించుకోడానికి కన్నొకటి దొరికింది" అంటుంది అత్త. పైగా ఊళ్ళో అందరూ అంటారు, పట్నం ఆసుపత్రిలో కన్ను చూడరు, పీకేస్తారని. నొప్పికంటే ఆ మాట ఎక్కువ పొడిచేది. చివరికి ఆదివారం చర్చిలో పాస్టరుగారి భార్య అందరి ముందూ, "బరిగ్యే, మీ ఆవిడ కంట్లో అదేమిటయ్యా?" అనడిగింది కనక పరువు కోసం బరిగ్యే బస్సెక్కించాడు. ఆడదాని కన్ను కోసం కాదు, చర్చిలో పరువు కోసం. తోడు అత్త వెళ్ళింది.

డాక్టరమ్మ పేరు అతుహైరే. గడ్డం ఆనించి కూర్చునే యంత్రం ముందు కూర్చోబెట్టి సన్నటి దీపం వేసి చాలాసేపు చూసింది.  

"కంట్లో ఏమైనా పోశారా? ఆకులూ, పసర్లూ?"

"ఏం పోయలేదు" అంది అత్త వెంటనే. "కొట్టులో చుక్కల మందేశాం, అంతే. ఇదిగో."

డాక్టరమ్మ సీసా తిప్పి చదివి పెదవి కొరుక్కుంది. కొబుగాబే నేల చూస్తూ ఉంది. అత్త మాట్లాడాక కోడలు మాట్లాడితే అది మాట కాదు, తగువు.

డాక్టరమ్మ కంటికి తిమ్మిరి మందు వేసి, సూది అంచుతో పుండుని గీకింది. నొప్పి లేదు గానీ సూది కంటి మీదికి రావడం కనబడుతూనే ఉంది. పీకేస్తారన్న మాట ఇదే కాబోలనుకుని కుర్చీ చేతుల్ని గోళ్ళతో పట్టుకుంది. గీకినదాన్ని గాజుపలక మీద పెట్టి, చుక్క ఏదో కలిపి, సూక్ష్మదర్శినిలో చూసి, "రా, నువ్వూ చూడు" అంది. మంచికంటితో చూసింది కొబుగాబే. కొమ్మలు కొమ్మలుగా, దారాలు.

"బూజమ్మా. తడి గింజల మీద పడుతుందే, అలాంటిదే. పొట్టుతోపాటు కంట్లోకి వచ్చింది. నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొరుంటుంది, దాన్ని తినుకుంటూ లోపలికి పోతోంది. ఈ కొట్టుమందు ఎరుపు తగ్గించి కంటి కాపలాని నిద్రపుచ్చింది. బూజుకి పండగైంది."

"కన్ను తీసేస్తారా?"

"తీయకుండా ఉండటానికే నా తిప్పలు. ప్రతి గంటకీ చుక్క పడాలి, పగలూ రాత్రీ. వారాలు పడుతుంది, ఇక్కడే వార్డులో ఉండాలి. ఇంకేదీ పడకూడదు, నీళ్ళు కూడా."

వార్డులో చుక్కలు అత్తే వేసింది. గంట తప్పేది కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ సాయంత్రం స్నానానికి తీసుకెళ్ళినప్పుడు, స్నానాల గది తలుపు గడియపెట్టి, పైటలోంచి ఆకు తీసేది. ఇంటినుంచి అరటికాయల గంపలో బరిగ్యే పంపుతున్న ఆకు. "వాళ్ళ మందు వాళ్ళది, మన మందు మనది. తల ఎత్తు." కొబుగాబే తల ఎత్తేది. పెళ్ళైనప్పటినుంచి ఎత్తమంటే ఎత్తడం, దించమంటే దించడం మెడకి అలవాటు. డాక్టరమ్మ రోజూ దీపం వేసి చూసి, "మందు పడుతుంటే తగ్గాలే, ఎందుకు పెరుగుతోంది?" అని తనలో తను గొణుక్కునేది. నల్లగుడ్డు అడుగున చీము తెల్లగా పేరుకుంది. ఎందుకు పెరుగుతోందో కొబుగాబేకి తెలుసు. చెప్తే ఏమవుతుందో కూడా తెలుసు. పరాయివాళ్ళ ముందు అత్తని దొంగని చేసిన కోడల్ని పుట్టింటికి తోలేస్తారు. పెళ్ళికి ఓలిగా ఇచ్చిన ఆవుల్ని తిరిగి తోలుకెళ్తారు. కూతురు అకాంపా తండ్రిదవుతుంది. ఒకపక్క కన్ను, ఒకపక్క కూతురు. మధ్యలో ఆమె నోరు.

ఆ ఉదయం డాక్టరమ్మ దీపం ఆర్పి మంచం అంచున కూర్చుంది. "పొర పల్చబడింది. రేపటికి ఇలాగే ఉంటే చిల్లుపడుతుంది. అప్పుడు కన్ను తీసేయాల్సి రావచ్చు. ఇంకోసారి అడుగుతున్నా, పెద్దమ్మా. ఇంకేమైనా పోస్తున్నారా?"

"దేవుడి తోడు, ఏం లేదు."

కొబుగాబే ఎవరూ ఎత్తమనకుండానే తల ఎత్తింది.  

"పోస్తోంది. ఆకు పసరు. రోజూ. ఇప్పుడు కూడా పైటలో ఉంది."

వార్డంతా తలలు తిరిగాయి. అత్త మొదట నవ్వింది, తర్వాత నవ్వు ఆరిపోయింది.

"ఎంత మాటన్నావే! నా కొడుకు ఆవుల్ని తోలి తెచ్చుకున్న దానివి నువ్వు! నాకు పొట్టు పడలేదా? మా అత్త ఇదే పసరు పోయలేదా? పోయింది కన్ను. పోతే? ఒంటికన్నుతో నాటాను, కోశాను, ఏడుగుర్ని కన్నాను. బతకలేదా నేను?"

"బతికావత్తా" అంది కొబుగాబే. "నాకు చూడాలనుంది."

డాక్టరమ్మ చెయ్యి చాపింది. కెబిరుంగి ఆకు తీసి ఆ చేతిలో కాక నేల మీద పడేసింది. గుడ్డలు మూటగట్టుకుని, వంటపాత్ర కూడా వదలకుండా తీసుకుని, బస్టాండు వైపు వెళ్ళిపోయింది. ఆమె మీద కొబుగాబేకి కోపం రాలేదు. అంత పెద్ద మనిషి తన కన్ను పోయిన సంగతి ఎవరి మీదా నేరం కట్టకుండా, సంసారం ఖర్చుల్లో రాసేసుకుంది. అది చూసే భయమేసింది కొబుగాబేకి. తనూ రాసేసుకునేదే.

తోడు లేనివాళ్ళని వార్డులో ఉంచుకోవడం కష్టం. వండిపెట్టేదెవరు, చుక్కలు వేసేదెవరు? పక్కమంచం ముసలాయన కూతురు న్యాంగోమా, "నా కుండలో ఇంకో అరటికాయ పడితే కుండ పగిలిపోతుందా అక్కా?" అంది. చుక్కలు మాత్రం తనే వేసుకోవాలి. నర్సు చూపించింది: కింది రెప్ప లాగు, పైకి చూడు, సీసా మొన తగలనీకు.

మధ్యాహ్నం న్యాంగోమా ఫోను మోగింది, అత్త ఇంటికి మాట్లాడుతూ వచ్చిన ఫోనే. అటు బరిగ్యే.

"మా అమ్మ సిగ్గు పదిమందిలో తీస్తావా? ఏడుస్తూ దిగింది బస్సు. సాయంత్రం బండికి రా. రాకపోతే ఇంక రాకు. అకాంపా ఇక్కడే ఉంటుంది, తెలుసుగా."

 కొబుగాబే ఫోను చెవికి నొక్కిపెట్టుకుంది. అవతల కూతురి గొంతేమైనా వినబడుతుందేమోనని వెతికింది. వినబడలేదు.

"వినబడుతోందా? నేనేమన్నా నిన్ను వదిలేస్తానన్నానా ఒంటికన్నుదానివని?" అతని గొంతు మెత్తబడింది, ఉదారంగా. "ఒంటికన్నుతోనైనా ఏలుకుంటాను. నీ కన్ను నాకెందుకే?"

"నీకక్కర్లేదని తెలుసు, అకాంపా నాన్నా. అది నాది. బాగయ్యాక నా పిల్ల కోసం వస్తాను."

ఫోను తిరిగిచ్చేసింది. చుక్కల సీసా అందుకుంది. మొదటి చుక్క చెంప మీద పడింది. రెండోది ముక్కు మీద. రెప్పని ఇంకా కిందికి లాగి, కప్పు వైపు చూస్తూ, మూడోసారి సీసా ఎత్తింది.