పెద్దవాళ్ల గేటు

రాయగడలో బట్టలకొట్టు నడిపే జగన్, 2003 వేసవిలో కుటుంబాన్ని విశాఖపట్నంలో ఒక థీమ్ పార్కుకి తీసుకెళ్లేడు. అతని తల్లి రామతులసమ్మని కూడా రమ్మని పిలిచింది భార్య నాగశ్రీయే. అరవై దాటినవాళ్లు వెంట ఉంటే ఇంటిల్లిపాదినీ పక్క గేటులోంచి ముందే పంపేస్తారని ఎవరో ఆమెతో చెప్పేరు. ఆ సంగతి తెలియని రామతులసమ్మ, కోడలు తనంతట తానే పిలిచిందని పొంగిపోయి, కొత్త చీర కట్టుకుని రైలెక్కింది.

పార్కులో గేటు మనిషి తల అడ్డంగా ఊపేడు. "ఆ పద్ధతి తీసేసేరమ్మా. ఇప్పుడు ఎక్కువ రేటు టికెట్టు కొన్నవాళ్లకే ముందు దారి."

"మరైతే నాయనమ్మని ఎందుకు తెచ్చేం అమ్మా?" అంది ఎనిమిదేళ్ల సుజన. "లైనులో నిలబడక్కర్లేదనే కదేటి రమ్మన్నావు?"

రామతులసమ్మ కోడలి ముఖంలోకి ఒక్కసారి చూసి, మనవరాలి చెయ్యి పట్టుకుంది.

"అయితే ఏటయిందమ్మీ? పద, నిలబడదాం."

ఎండలో రెండు గంటలు నిలబడింది.

ఆ తర్వాత నాగశ్రీ ఆవిడని అరకు రమ్మంది, సింహాచలం రమ్మంది. ఏ అవసరమూ లేకుండా, మనస్ఫూర్తిగానే పిలిచింది.

"మీరెల్లి రండమ్మా, ఇల్లు నేను సూసుకుంటాను," అనేది రామతులసమ్మ నవ్వుతూ. ఆవిడ అలా నవ్వినప్పుడల్లా, తప్పయిపోయిందత్తా అని చెప్పాలనుకునేది నాగశ్రీ. ఒక్కసారీ చెప్పలేకపోయింది.