కాలరు లోపలి క్రీము

అద్దం గదిలోకి వెళ్లే ప్రతివాళ్లనీ ముందు నిలదీసేది సూట్లమ్మే. "సెంటు కొట్టావా? క్రీము రాశావా?" అని అడిగి, మెడ దగ్గర వాసన చూసి, ఉతికిన తెల్లసూటు తొడిగించి లోపలికి పంపడం ఆవిడ పని. అలా వెళ్లేవాళ్లలో ఆవిడ కూతురూ ఒకతె. అంతరిక్షంలోకి పంపబోయే టెలిస్కోపుకి అద్దం బిగించే ముగ్గురిలో చిన్నది.

ఆ టెలిస్కోపు చూసేది అతినీలలోహిత కాంతిని. ఆ మాట చెవిన పడ్డ రోజు నుంచీ సూట్లమ్మకి కంటి మీద కునుకు లేదు. ఎండలో ఒళ్లు కాల్చేది అదేనట, చర్మానికి క్యాన్సరు తెచ్చేదీ అదేనట.

"అద్దం వెలుగు పుట్టించదమ్మా, నక్షత్రాల నుంచి వచ్చేదాన్ని పట్టుకుంటుంది. అదీ ఇక్కడ కాదు. మన చుట్టూ ఉన్న గాలి ఆ వెలుగుని చాలామటుకు కిందికి రానివ్వదు కాబట్టే దాన్ని పైకి పంపుతున్నాం," అని కూతురు వందసార్లు చెప్పింది.

"నాకు చదువు లేదని ఏదో ఒకటి చెప్తావు. లోపల దీపాల్లేవా?"

"ఉన్నాయి, ట్యూబులైట్లు! మన వంటింట్లో ఉన్నవే!"

ఒకరోజు కూతురి మెడ మీద ఎర్రటి మచ్చ కనిపించింది. సూట్లమ్మ సాయంత్రమే వెళ్లి ఎండకి రాసుకునే క్రీము కొనుక్కొచ్చింది. అతినీలలోహిత కిరణాల్ని అడ్డుకుంటుందని ట్యూబు మీదే రాసి ఉంది. రాసుకోమంటే కూతురు కసురుకుంది. సరేలే అని ఆవిడ రోజూ పొద్దున్నే ఎవరూ రాకముందే ఆ పిల్ల సూటు కాలరు లోపల గుట్టుగా పులమడం మొదలుపెట్టింది. వాసన లేదు, రంగు లేదు, ఎవరికేం నష్టం అనుకుంది.

పదహారో రోజున కూతురు సూటు అందుకుంటుండగా శుభ్రత చూసే అధికారి సూట్ల గదిలోకి విసురుగా వచ్చాడు. చాటుగా అందరూ ఆయన్ని భూతద్దం అంటారు. చేతిలో చిన్న గాజుబిళ్ల ఉంది. పనిచేసే ప్రతి బల్ల మీదా అలాంటిదొకటి పెడతారు. గాల్లో ఏ మురికి, ఏ క్రీము ఆవిరి తేలినా దాని మీద పడుతుంది, దాన్ని పరీక్షిస్తే తెలిసిపోతుంది.

"నీ బల్ల మీదిది ఇది," అన్నాడు కూతురితో. "మామూలు వెలుగులో తళతళలాడుతోంది. అతినీలలోహితంలో పెడితే గుడ్డిది! దీని మీద సన్‌స్క్రీన్ పొర ఉంది."

"నేనేం రాసుకోలేదు సార్."

"అయితే చూరులోంచి ఊడిపడిందా? రేపు అద్దం మూత తీస్తున్నాం. ఈ పొర దాని మీద పడితే పైకెళ్లాక ఎవరు తుడుస్తారు, నువ్వెళ్తావా గుడ్డ పట్టుకుని? అంత అందం కాపాడుకోవాలంటే ఇంట్లో కూర్చో. బ్యాడ్జీ ఇలా ఇవ్వు."

కూతురు బ్యాడ్జీ మీద చెయ్యి వేసింది. సూట్లమ్మ ఒక అడుగు ముందుకేసింది. చెప్తే తన పని పోతుంది. చెప్పకపోతే పిల్ల బతుకు పోతుంది.

"నేనే రాశాను సార్. కాలరు లోపల. దానికి తెలీదు."

"నువ్వా? రోజూ నా మెడ కూడా వాసన చూసే నువ్వా?"

ఆయన సూటు లాక్కుని, తిరగేసి, అతినీలలోహిత కాంతినిచ్చే నీలిదీపం కింద పరిచాడు. తెల్లగా మెరిసే కాలరు మీద మూడు వేళ్ల చారలు నల్లగా తేలాయి.

కూతురు తల్లి వైపు తిరిగింది. "ఆరేళ్లమ్మా! ఆరేళ్లు తలకి నూనె రాసుకోలేదు, గోళ్లకి రంగు వేసుకోలేదు."

"మెడ మీద మచ్చ చూశానే..."

"జిప్పు ఒరుసుకుని వచ్చింది అది! నీ భయానికి నా బతుకు బలైపోవాలా?"

"మీ కొట్లాట ఇంట్లో పెట్టుకోండి," అని భూతద్దం కాగితం ముందుకు తోశాడు. "ఇద్దరిదీ ఒకే ఇల్లు. కప్పిపుచ్చానని రేపు నన్నంటారు. ఈవిడ ఇక ఈ గుమ్మం తొక్కకూడదని నువ్వే ఫిర్యాదు రాసివ్వు. లేదంటే ఇద్దరూ ఇంటికే."

కూతురి చేతిలో పెన్ను ఆగింది.

"రాసెయ్యవే," అంది సూట్లమ్మ.

రాసింది. 'మా అమ్మ' అని మొదలుపెట్టి, కొట్టేసి, 'సూట్ల గది ఉద్యోగిని' అని దిద్దింది. భూతద్దం చదివి, బ్యాడ్జీ ఉంచుకోమన్నట్టు తలాడించి వెళ్లిపోయాడు.

"సాయంత్రం తొందరగా వచ్చెయ్," అంది సూట్లమ్మ.

"రాను. అద్దం ఇక్కణ్ణుంచి కదిలేదాకా హాస్టల్లో ఉంటా. నీ చెయ్యి తగిలిన బట్ట ఒక్కటి కూడా నాకొద్దు."

కొత్త సూటు తనే తొడుక్కుని, జిప్పు తనే లాక్కుని లోపలికి వెళ్లిపోయింది. తలుపు మూసుకుంది.

పిల్ల ఉద్యోగం నిలిచింది, అది చాలు అనుకోబోయింది సూట్లమ్మ. అంతలోనే హాస్టల్లో జ్వరమొస్తే ఎవరు చూస్తారన్న భయం పట్టుకుంది. అడుగుదామని తలుపు కొట్టబోయి, ఎత్తిన చెయ్యి దించేసి గది బయటికి నడిచింది.